కేడీఎం పొగకు నేలుసిరి పసరు సరిపోతుందా

ఊరికి పోయినప్పుడల్లా బంగారు పని చేసే మా బంధువులు నన్ను పట్టుకుని అడిగేది ఒకటే, అతుకులేసే పొగ పీల్చే మా లివర్‌కు ఏ ఆకు మంచిది అని. నేను ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ చెప్తా, ఆకు పసర్లు ఎలకల మీద టెస్ట్ చేసే ప్రాజెక్టులు పిల్లోళ్ళతో చేయిస్తుంటా, కాబట్టి నాకు తెలిసుంటుందని వాళ్ళ నమ్మకం. కొంచెం తెలుసు, కానీ అది వాళ్ళు వినాలనుకునే జవాబు కాదు, ఫోన్లో రెండు మాటల్లో తేలేదీ కాదు, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా, ఇంక ఎవరన్నా అడిగితే లింక్ పంపిస్తే సరిపోతుంది.

మాది ప్రొద్దుటూరు. బయటోళ్ళకు మా ఊరంటే సెకండ్ బాంబే, వరసగా బంగారు షాపులు, దసరాకు అమ్మవారిశాల. షాపుల వెనక సందుల్లోకి పోతే వేరే ఊరు కనిపిస్తుంది. పదడుగుల గది, కిటికీ ఉంటే ఉంటుంది లేకుంటే లేదు, ఉన్నా మూసే ఉంటుంది ఎందుకంటే గాలికి మంట కదులుతుంది, బంగారు పొడి ఎగిరిపోతుంది. అందులో నలుగురైదుగురు కింద కూచుని టార్చ్ పెట్టి అతుకులు వేస్తుంటారు. మా మామ అట్లాంటి గదిలోనే చిన్నప్పటి నుంచి పని చేసినాడు, ఇప్పటికీ చేస్తున్నాడు.

కేడీఎం అనే మాట నగలు కొన్నోళ్ళందరూ విన్నదే, కానీ అందులో ఉండేది కాడ్మియం అని చాలామందికి తెలీదు, ఏదో క్వాలిటీ ముద్ర అనుకుంటారు. గొలుసు చేయాలంటే కొక్కేనికి కొక్కెం అతకాలి, అతకాలంటే బంగారం కన్నా ముందే కరిగే టంకం కావాలి. పాతకాలంలో రాగీ వెండీ ఎక్కువ కలిపిన టంకం వాడేవాళ్ళు, దాంతో నగ కరిగించినప్పుడు టచ్, అంటే నూటికి ఎన్ని పాళ్ళు బంగారం ఉందనే లెక్క, పడిపోయేది, నువ్వు 22 క్యారెట్ అని అమ్మింది తిరిగి తెస్తే అంత ఉండదు, గొడవలు. అప్పుడొచ్చింది కాడ్మియం. 92 పాళ్ళు బంగారం, 8 పాళ్ళు కాడ్మియం కలిపితే ఆ టంకమే 92 టచ్ ఉంటుంది, ఇంక నగ ఎన్నిసార్లు కరిగించినా టచ్ పోదు. కొనేవాళ్ళకు బాగుంది, అమ్మేవాళ్ళకు బాగుంది. మంట ముందు కూచున్నోడి సంగతి ఎవరూ లెక్క వేయలేదు. బంగారం 1064 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కాడ్మియం 767 డిగ్రీలకే ఆవిరైపోతుంది. అంటే అతుకు పడేటప్పటికి అందులోని కాడ్మియంలో కొంత గాల్లోకి లేచి ఆక్సైడ్ పొగ అయిపోతుంది, ఆ పొగ మంటకు జానెడు దూరంలో వంగి చూస్తున్న ముక్కులోకి పోతుంది. ఆ రోజు రాత్రి చలిజ్వరం, దగ్గు, ఛాతీ బిగపట్టినట్టు ఉంటే మా వీధిలో దాన్ని జలుబు అనుకుని టాబ్లెట్ వేసుకుని పడుకునేవాళ్ళు. ఎక్కువ మోతాదు పీలిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి మనిషి పోవచ్చు కూడా.

1993లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ కాడ్మియంను మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో పెట్టింది. మన దగ్గర హాల్‌మార్క్ వచ్చినాక కేడీఎం మెల్లగా తగ్గింది, 2021 జూన్ నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి చేయడం మొదలుపెట్టినాక ఇంకా తగ్గింది, జింకు లాంటివి కలిపిన టంకాలు వచ్చినాయి. కానీ పాత నగ రిపేరుకు వస్తే అందులో పాత అతుకులే కదా ఉండేది. దానిమీద టార్చ్ పెడితే మిగిలిన కాడ్మియం మళ్ళీ లేస్తుంది. పైగా ఇరవై ముప్పై ఏళ్ళు పీల్చినోళ్ళ ఒంట్లో చేరింది ఎక్కడికీ పోలేదు.

ఎక్కడికీ పోలేదు అని ఊరికే అనడం లేదు. పొగలో వచ్చిన కాడ్మియం ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి ముందు లివర్‌కు పోతుంది. లివర్ దాన్ని చూసి మెటలోథయోనిన్ అనే చిన్న ప్రోటీన్ తయారు చేసుకుంటుంది, అది కాడ్మియంను గట్టిగా పట్టుకుంటుంది, పట్టుకున్నంతవరకూ పెద్దగా హాని లేదు. ఆ జోడీ కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగి కిడ్నీకి చేరుతుంది, కిడ్నీ గొట్టాల్లో కూచుంటుంది. అక్కడ అది సగం తగ్గాలంటే పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళు పడుతుంది. మనిషి రిటైరైపోతాడు, అది కాదు. అందుకే కాడ్మియం పీల్చినోళ్ళల్లో చివరికి దెబ్బతినేది ఎక్కువగా కిడ్నీ, ఆ తర్వాత ఎముకలు. జపాన్‌లో జింజు నది పక్కన గనుల నీళ్ళతో పండించిన వరి తిన్నవాళ్ళకు ఎముకలు విరిగి, నొప్పి నొప్పి అని అరిచేవాళ్ళట, ఆ రోగానికి అక్కడ ఇటాయ్ ఇటాయ్ అనే పేరే పడింది, దానికి కారణం కాడ్మియమే అని 1968లో అక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది.

మరి మా వాళ్ళందరూ లివర్ లివర్ అని ఎందుకంటారు? నాకు తెలిసి రెండు కారణాలు. ఒకటి, ఊర్లో ఏ ల్యాబ్‌కు పోయినా చేసేది ఎల్‌ఎఫ్‌టీ అనే లివర్ రక్తపరీక్ష, అందులో ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైము ఎక్కువ వచ్చిందంటే లివర్ పాడైంది అంటారు, అది తప్ప వేరే మాట వాళ్ళకు తెలీదు. రెండోది కామెర్ల మందు. మన రాయలసీమలో లివర్ అంటే కామెర్లు, కామెర్లంటే నేలుసిరి. మా జేజి వానాకాలంలో కేసీ కాలువ కింద చేలల్లో కలుపు తీసేటప్పుడు నేలుసిరి వేర్లతో సహా పీక్కొచ్చి ముద్ద నూరి పరగడుపున మజ్జిగలో ఇచ్చేది, ఇచ్చేముందు ఉప్పు వద్దు నూనె వద్దు అని పథ్యం చెప్పేది, తిన్నోళ్ళకు తగ్గేది కూడా. తగ్గేది ఎందుకంటే పిల్లోళ్ళకు వచ్చే కామెర్లలో ఎక్కువ హెపటైటిస్ ఏ, అది నీళ్ళ వల్ల వచ్చేది, చాలామందిలో కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది. ఆకుకు పేరొచ్చింది, పథ్యానికి పేరొచ్చింది, చేతికి వాతలు పెట్టేవాళ్ళకు కూడా పేరొచ్చింది. నేను జేజిని తక్కువ చేయడం లేదు, ఆమె ఇచ్చిన మజ్జిగ వల్ల ఎవరికీ నష్టం రాలేదు, వాతలు పెట్టినోళ్ళ వల్ల మాత్రం వచ్చింది.

నేలుసిరిని సైన్సు వాళ్ళు పట్టించుకోలేదనుకోవద్దు. 1988లో మద్రాసు డాక్టర్లు లాన్సెట్‌లో ఒక పేపర్ వేసినారు, అందులో బ్లంబర్గ్ కూడా ఉన్నాడు, హెపటైటిస్ బీ వైరస్ కనిపెట్టి 1976లో నోబెల్ తీసుకున్నాయన. హెపటైటిస్ బీ ఒంట్లో మోస్తున్న వాళ్ళకు నెల రోజులు నేలుసిరి పొడి ఇస్తే 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు పోయింది, ఉత్త క్యాప్సూల్ ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే పోయింది. అప్పుడు ప్రపంచమంతా నేలుసిరి మీద పడింది. తర్వాత వేరే దేశాల్లో, వేరే ఊర్లల్లో చేసిన వాటిల్లో అంత ఫలితం రాలేదు. ఇది గుర్తు పెట్టుకోండి, ఒక్క పేపర్ చూసి ఎగరకూడదనడానికి నేను క్లాసులో చెప్పే ఉదాహరణ ఇదే.

ఇంక అసలు విషయం, లోహాల విషం మీద ఆకు పసర్ల పేపర్లు. ఇవి వందల్లో ఉన్నాయి, మన దేశంలో, ఈజిప్టులో, నైజీరియాలో ఎక్కువ చేస్తారు. మా దగ్గర పిల్లోళ్ళు ప్రాజెక్ట్ టాపిక్ కోసం వస్తే పదిమందిలో నలుగురు ఇదే పట్టుకొస్తారు, ఎందుకంటే ఖర్చు తక్కువ, ఫలితం దాదాపు గ్యారంటీ. ఎట్లా చేస్తారో చెప్తా, ఎందుకంటే ఇది తెలిస్తేనే ఆ పేపర్లు మా మామకు ఎందుకు పనికిరావో అర్థమవుతుంది.

ముందు ఆకు తెస్తారు, గుంటగలగరో నేలవేమో అటికమామిడో. నీడలో ఎండబెడతారు, పొడి చేస్తారు, సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో వేసి ఆల్కహాల్‌తో సారం తీస్తారు, ఆల్కహాల్ ఎగిరిపోయినాక కింద నల్లగా జిగటగా మిగిలేదే ఎక్స్‌ట్రాక్ట్. ఎథిక్స్ కమిటీ పర్మిషన్ తీసుకుని విస్టార్ తెల్ల ఎలకలు తెస్తారు, ఒక్కోటి నూటయాభై రెండొందల గ్రాములు. గ్రూపుకు ఆరు లెక్కన ఐదు గ్రూపులు. ఒకటి ఊరికే తిని కూచునేది. రెండోదానికి కాడ్మియం క్లోరైడో లెడ్ అసిటేటో నోట్లో ట్యూబు పెట్టి పోస్తారు, లేదంటే తాగే నీళ్ళల్లో కలుపుతారు. మూడు, నాలుగు గ్రూపులకు విషంతో పాటు ఎక్స్‌ట్రాక్ట్, కేజీకి 200 మిల్లీగ్రాములు ఒకదానికి, 400 ఇంకోదానికి. ఐదోదానికి విషంతో పాటు సిలిమారిన్, అది యూరప్ వైపు పెరిగే ఒక ముళ్ళ మొక్క గింజల నుంచి తీసేది, లివర్ ప్రయోగాల్లో పోల్చి చూడడానికి అందరూ దాన్నే పెట్టుకుంటారు. మూడు నాలుగు వారాలు ఇట్లా ఇచ్చి తర్వాత రక్తం తీస్తారు, లివర్ తీసి తూకం వేస్తారు, కొంచెం నూరి కణాన్ని కాపాడే గ్లూటాథయోన్, కాటలేజ్, ఎస్‌వోడీ ఎంత ఉన్నాయో, కణం ఎంత దెబ్బతినిందో చెప్పే ఎమ్‌డీఏ ఎంత ఉందో చూస్తారు, కొంచెం ఫార్మలిన్‌లో వేసి స్లైడ్ చేయిస్తారు.

రిజల్ట్ ఏం వస్తుందంటే, విషం ఇచ్చిన గ్రూపులో ఎస్‌జీపీటీ, దాని జోడీ ఎంజైము ఎస్‌జీవోటీ పైకి, గ్లూటాథయోన్ కిందికి, ఎమ్‌డీఏ పైకి. ఆకు ఇచ్చిన గ్రూపులో ఇవన్నీ కొంచెం మామూలు వైపు వస్తాయి, 400 గ్రూపులో ఇంకొంచెం ఎక్కువ వస్తాయి. ఏ ఆకు అయినా దాదాపు ఇదే. కరివేపాకు, మునగ, ఉల్లి, వెల్లుల్లి, పసుపు, మన శేషాచలం ఎర్రచందనం బెరడుతో సహా లివర్ ప్రయోగాల్లో మంచి మార్కులే తెచ్చుకున్నాయి. నాకు అనుమానం వచ్చేది ఇక్కడే. పాసయ్యేవాళ్ళు అందరూ అయితే పరీక్షలోనే ఏదో ఉందని అర్థం. కాడ్మియం చేసే పని ఏంటంటే కణంలో ఉండే గ్లూటాథయోన్‌ను పట్టేసి ఖాళీ చేయడం, ప్రోటీన్ల నుంచి ఇనుము రాగి లాంటివి తోసేసి వాటిని విచ్చలవిడిగా వదలడం, దాంతో ఫ్రీ రాడికల్స్ పుట్టి కణం పొర కొవ్వులు తుప్పు పట్టడం, ఆ తుప్పు కొలతే ఎమ్‌డీఏ. ఆకుల్లో ఉండే పాలీఫినాల్స్ ఫ్రీ రాడికల్స్‌ను చల్లారుస్తాయి, కణాన్ని ఇంకొంచెం గ్లూటాథయోన్ చేసుకునేటట్టు కూడా లేపుతాయి. ఆకుపచ్చగా ఉండి కొంచెం వగరుగా ఉండే ప్రతి ఆకులోనూ ఇవి ఉంటాయి, కాబట్టి ఏది ఇచ్చినా ఎంతో కొంత పని చేస్తుంది. గడ్డివామికి నిప్పంటుకుంటే నీళ్ళు చల్లినట్టు, మంట తగ్గుతుంది, అంటించినోడు వామి వెనకాలే కూచోనుంటాడు. చాలా పేపర్లల్లో లివర్‌లో కాడ్మియం ఎంత ఉందో కొలవనే కొలవరు, ఎందుకంటే దానికి అటామిక్ అబ్‌సార్ప్షన్ మెషిన్ కావాలి, అది అన్ని కాలేజీల్లో ఉండదు.

కొలిచిన పేపర్లు కొన్ని ఉన్నాయి, వాటిల్లో ఆకు ఇచ్చిన ఎలకల లివర్‌లో లోహం తగ్గింది అని ఉంటుంది, అది చూసి బయటికి పంపించేసిందని రాసేస్తారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది, మా పిల్లోళ్ళకు వైవాలో నేను తప్పకుండా అడిగేది. విషమూ నోట్లోనే పోసినారు, ఆకూ నోట్లోనే పోసినారు, రెండూ ఒకే కడుపులో కలిసినాయి. ఆకుల్లో టానిన్లు ఉంటాయి, వగరు వాటిదే, అవి లోహాలను పట్టుకుని కరగని ముద్దగా చేస్తాయి. అంటే కాడ్మియం పేగు దాటి రక్తంలోకి పోవడమే తగ్గిపోయి ఉండొచ్చు, పెంటలో బయటికి పోయి ఉండొచ్చు. అన్నంతో పాటు టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదంటారే, అదే లెక్క. నీళ్ళల్లో, తిండిలో లోహం వచ్చేవాళ్ళకు ఇది పనికొచ్చే విషయమే కావచ్చు. మా మామకు కాడ్మియం వచ్చేది ముక్కు నుంచి. పరగడుపున తాగిన పసరు పొట్టలో ఉంటే, పదకొండు గంటలకు పీల్చిన పొగ ఊపిరితిత్తుల్లో ఉంటుంది, అవి రెండూ కలిసేదెక్కడ?

ఇంకోటి టైమింగ్. ఎలకకు ఆకు, విషం ఒకేసారి మొదలుపెడతారు, కొన్నిసార్లు ఆకు వారం ముందే మొదలుపెడతారు. మనవాళ్ళు ఇరవై ఏళ్ళు పీల్చి, టెస్టులో తేడా వచ్చినాక ఆకు కోసం వెతుకుతారు. ఆ పరిస్థితికి దగ్గరగా ఉండే ప్రయోగం, అంటే ముందు నెలల తరబడి విషం ఇచ్చి, ఆపి, ఆ తర్వాత ఆకు ఇవ్వడం, చేసేవాళ్ళు తక్కువ.

డోస్ కూడా చూద్దాం. ఎలకకు కేజీకి 400 మిల్లీగ్రాములు అంటే మనిషికి సూటిగా లెక్కేయకూడదు, ఎలక నుంచి మనిషికి మార్చేటప్పుడు 6.2తో భాగిస్తాం, సుమారు 65 వస్తుంది. అరవై కేజీల మనిషికి రోజుకు 3.9 గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్. ఎక్స్‌ట్రాక్ట్ పొడి ఆకులో పది శాతం వచ్చిందనుకుంటే రోజుకు దాదాపు నలభై గ్రాముల ఎండు పొడి, పచ్చి ఆకు అయితే పెద్ద గిన్నెడు. మా జేజి ఇచ్చేది ఉసిరికాయంత ముద్ద, అదీ మూడు రోజులు. ఈ లెక్క చెప్పినప్పుడు మామ నవ్వి "అంత ఆకు తినాలంటే మేకనై పుట్టాల కదరా అల్లుడూ" అన్నాడు.

మనుషుల మీద ఏమీ లేదా అంటే ఉంది, కొంచెం ఉంది, దాన్ని దాచిపెట్టకూడదు. 2012లో ఇరాన్‌లో కారు బ్యాటరీ ఫ్యాక్టరీ కార్మికులు 117 మందిని తీసుకుని, సగం మందికి వెల్లుల్లి, సగం మందికి డీ-పెన్సిలమైన్ అనే అసలు మందు నాలుగు వారాలు ఇచ్చి చూసినారు. రక్తంలో సీసం రెండు గ్రూపుల్లోనూ దాదాపు ఒకేలా తగ్గింది, తలనొప్పి లాంటివి వెల్లుల్లి గ్రూపులో బాగా తగ్గినాయి. వెల్లుల్లిలో గంధకం ఉండే పదార్థాలు ఉంటాయి, గంధకం లోహాలను పట్టుకుంటుంది, కాబట్టి నమ్మదగ్గ విషయమే. కానీ అది సీసం, కాడ్మియం కాదు, అదీ మైల్డు మోడరేటు స్థాయి. సిలిమారిన్ నుంచి తీసిన సిలిబినిన్‌ను యూరప్‌లో విషపు పుట్టగొడుగు తిన్నవాళ్ళకు నరంలో ఎక్కిస్తారు, ఆ విషం లివర్ కణంలోకి దూరే దారిని అది మూసేస్తుంది. ఒక ఆకు మందు నిజంగా ఆసుపత్రి దాకా వచ్చిందంటే ఇట్లా ఉంటుంది, ఏ విషానికి, ఏ దారి మూస్తుంది, ఎంత డోసు, నోట్లోనా నరంలోనా అని తేల్చుకుని.

ఇప్పుడు నేను భయపడే విషయానికి వస్తా. ఆకు వల్ల లాభం లేకపోయినా నష్టం లేదు కదా అంటారు. ఆకును బట్టి ఉంటుంది, ఆకు పెరిగిన చోటును బట్టి కూడా ఉంటుంది. కరోనా టైంలో ఇంటింటికీ తిప్పతీగ కషాయం తాగినారు కదా, 2020 చివర్లో ముంబైలో లివర్ దెబ్బతిని వచ్చిన ఆరుగురి గురించి అక్కడి డాక్టర్లు 2021లో రాసినారు, ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు, అది తిప్పతీగేనా వేరే తీగనా అని ప్రశ్న వేసింది. మరుసటేడాది దేశంలో వేరే వేరే ఆసుపత్రుల డాక్టర్లు కలిసి 43 మంది గురించి రాసినారు, అందులో చాలామందికి ఒంటి రక్షణ వ్యవస్థే లివర్ మీద తిరగబడే రకం జబ్బు కనిపించింది. తిప్పతీగ తాగినోళ్ళందరికీ ఇట్లా అవుతుందని నేను అనడం లేదు, ముందే థైరాయిడ్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నోళ్ళు మాత్రం దాని జోలికి పోవద్దు అంటున్నా.

చోటు సంగతి ఏంటంటే, మొక్క మంచిదే కావచ్చు, కానీ అది నేలలో ఉన్నది పీల్చుకుంటుంది. గుంటగలగర ఎక్కువ మొలిచేది మురిక్కాలువల గట్ల మీద. ప్రొద్దుటూరులో ఆ కాలువల్లోకి వచ్చేది ఏంటో మా వీధి వాళ్ళకు తెలియంది కాదు, యాసిడ్ కడిగిన నీళ్ళు, పాలిష్ నీళ్ళు, గది ఊడ్చిన మట్టిని పాదరసం వేసి కడిగిన నీళ్ళు. ఆ గట్టు మీద ఆకు కోసుకొచ్చి కాడ్మియంకు మందని తాగితే ఏమనాలి? మూలికల్లో సీసం 10 పీపీఎం (పది లక్షల పాళ్ళల్లో పది పాళ్ళు), కాడ్మియం 0.3 పీపీఎం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, గట్టు మీద ఆకును ఎవరు కొలుస్తారు. భస్మాలు ఇంకో కథ. 2004లో వచ్చిన ఒక పేపర్ ప్రకారం అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల షాపుల్లో 70 రకాల ఆయుర్వేద మందులు కొని చూస్తే 14 వాటిల్లో సీసమో పాదరసమో ఆర్సెనికో ఉంది. కొన్నింట్లో అది పొరపాటున వచ్చింది కాదు, లోహాలతో మందులు చేసే ఆయుర్వేద పద్ధతి రసశాస్త్రం ప్రకారం వేసిందే, నాగభస్మం అంటే సీసమే కదా. లోహాల విషానికి విరుగుడని లోహం తినడం నాకు ఎప్పటికీ మింగుడు పడదు.

భస్మాలను వెనకేసుకొచ్చేవాళ్ళు ఒక మాట అంటారు, శుద్ధి చేసినాక అది విషం కాదు, రూపం మారిపోతుంది అని. రూపం ముఖ్యం అనే మాట వరకు వాళ్ళు కరెక్టే, దానికి మన జిల్లాల్లోనే మంచి ఉదాహరణ ఉంది. ఓబులవారిపల్లె దగ్గర మంగంపేటలో తవ్వే ముగ్గురాయి బేరియం సల్ఫేట్, అది నీళ్ళల్లో కరగదు, అందుకే ఎక్స్‌రే తీసేముందు ఆసుపత్రిలో తెల్లగా గ్లాసుడు తాగిస్తారు, ఏమీ కాదు. అదే బేరియం కార్బొనేట్ అయితే ఎలకల మందు. కానీ ఈ భస్మంలో ఈ బ్యాచ్‌లో ఏ రూపం ఎంత ఉందో కొలిచి చీటీ మీద వేసి ఇస్తే కదా ఆ వాదన నిలబడేది. అనంతపురం స్నేహితుడొకడు మా నీళ్ళల్లో ఫ్లోరైడ్‌కు కూడా నేలుసిరి పనిచేస్తుందా అని అడిగినాడు, ఫ్లోరైడ్ అసలు లోహమే కాదు సామీ, అది ఎముకలకూ పళ్ళకూ పట్టేది, దానికి నీళ్ళు మార్చుకోవడమే దారి.

సరే, అసలు మందులు లేవా అంటే, కొన్ని లోహాలకు ఉన్నాయి. సీసానికి డీఎంఎస్ఏ ఉంది, రాగి పేరుకునే విల్సన్ జబ్బుకు పెన్సిలమైన్ 1956 నుంచీ ఉంది. కాడ్మియంకు మాత్రం ఏళ్ళ తరబడి పేరుకున్న దాన్ని తీసే నమ్మకమైన మందు లేదు. పైగా బీఏఎల్ అనే పాత మందు ఇస్తే లివర్‌లో ఉన్నది లాగి కిడ్నీలో పోస్తుంది, అందుకే కాడ్మియంకు దాన్ని వాడకూడదని పుస్తకాల్లోనే ఉంటుంది. డాక్టర్ల చేతిలోనే లేనిది నేలుసిరి చేతిలో ఉందని నేనెట్లా చెప్పాలి.

అందుకని మామ గదిలో మేము చేసింది ఆకుకు సంబంధం లేని పనులు. సీలింగ్ ఫ్యాన్ పొగను గది అంతా తిప్పుతుంది అంతే, కాబట్టి మంట వెనక, ముఖానికి ఎదురుగా, బల్ల ఎత్తులో ఎగ్జాస్ట్ పెట్టించినాం, పొగ ముక్కు దగ్గరికి రాకుండా అటే పోయేటట్టు. గొట్టం సందులోకి కాకుండా మిద్దె పైకి తీసినాం, లేకుంటే ఎదురింటోళ్ళు పీలుస్తారు. మంట కదులుతుందని మొదట్లో గొణిగినాడు, ఫ్యాన్ స్పీడ్ తగ్గించే రెగ్యులేటర్ పెట్టినాక అలవాటు పడినాడు. గుడ్డ, సర్జికల్ మాస్కు ఈ పొగకు దేనికీ పనికిరావు, సన్నటి పొగ రేణువులను ఆపే హెపా ఫిల్టర్ బిగించే రబ్బరు మాస్కు ఉంటుంది, అది పెట్టుకుంటే చెమట పోస్తుంది, ఎండాకాలం మా ఊర్లో అది ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా పాత నగ రిపేర్ అప్పుడన్నా పెట్టుకోమని చెప్పినా. పని బల్ల దగ్గర టీ తాగడం, బోండాలు తినడం ఆపించినాం. బీడీ కాల్చేవాళ్ళకు ఒక మాట, పొగాకు మొక్కకు నేలలో కాడ్మియం లాక్కోవడం బాగా చేతనవును, కాల్చేవాళ్ళ ఒంట్లో కాల్చనివాళ్ళ కన్నా కొన్ని రెట్లు ఎక్కువ ఉంటుంది, కాబట్టి రెండు దారుల నుంచి వస్తున్నట్టు లెక్క.

తిండిలో నిజంగా పనికొచ్చేది ఒకటుంది, దానికి ఎవరూ పసరు అని పేరు పెట్టలేదు కాబట్టి ఎవరూ అడగరు. ఒంట్లో ఇనుము తక్కువ ఉన్నోళ్ళ పేగు ఇనుము కోసం తలుపులు బాగా తెరిచి పెడుతుంది, కాడ్మియం అదే తలుపు నుంచి దూరుతుంది. ఇంట్లోనే గది పెట్టుకున్నచోట ఆడవాళ్ళకు, నేల మీద పాకే పిల్లోళ్ళకు దుమ్ము నోట్లోకి పోతుంది, రక్తం తక్కువ ఉండేదీ వాళ్ళకే. హిమోగ్లోబిన్ చూపించుకుని, తక్కువుంటే డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు వేసుకోవడం, ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకోవడం, గదిని చీపురుతో కాకుండా తడిగుడ్డతో తుడవడం, ఇవి నేలుసిరి కన్నా ముందు చేయాల్సినవి.

మరి నేలుసిరి తాగొద్దా అంటే, తాగితే తాగండి, శుభ్రమైన చేనులోది, గుర్తుపట్టడం తెలిసినోళ్ళు పీకింది, కొద్ది రోజులు. అట్లాంటివే రెండు మూడు రకాల మొక్కలు ఒకే గట్టు మీద ఉంటాయి, అంగట్లో ఎండుపొడి కొంటే ఏది ఏదో దేవుడికే తెలుసు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు నేలుసిరి, నేలవేము రెండింటికీ షుగర్ తగ్గించే గుణం జంతువుల్లో కనిపించిందని గుర్తు పెట్టుకుని డాక్టరుకు చెప్పి తాగండి. గర్భంతో ఉన్నోళ్ళు అసలొద్దు.

టెస్టుల విషయం చెప్పి ఆపేస్తా, ఇది చాలామంది తప్పు చేయించుకుంటున్నారు. ఎల్‌ఎఫ్‌టీ నార్మల్ వచ్చిందంటే కాడ్మియం లేదని కాదు. రక్తంలో కాడ్మియం ఈమధ్య పీల్చింది చూపిస్తుంది, ఏళ్ళ తరబడి చేరింది తెలియాలంటే మూత్రంలో కాడ్మియం, దాంతో పాటు కిడ్నీ గొట్టాలు కారుతున్నాయా లేదా అని బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే చిన్న ప్రోటీన్ మూత్రంలో ఎంత ఉందో చూడాలి. అమెరికా కార్మిక నిబంధనల్లో మూత్రంలో కాడ్మియం గ్రాము క్రియాటినిన్‌కు (మూత్రం పలచనో చిక్కనో సరిచూసుకోడానికి కొలిచే వ్యర్థ పదార్థం) 3 మైక్రోగ్రాములు, రక్తంలో లీటరుకు 5 మైక్రోగ్రాములు, బీటా-2 గ్రాము క్రియాటినిన్‌కు 300 మైక్రోగ్రాములు దాటితే ఆ మనిషిని ప్రత్యేకంగా గమనించడం మొదలుపెడతారు. మన ఊరి ల్యాబ్‌లు ఇవి సొంతంగా చేయవు, శాంపిల్ తీసుకుని హైదరాబాదో బెంగుళూరో చెన్నయో పంపిస్తాయి, రిపోర్టుకు కొన్ని రోజులు పడుతుంది, ముందే అడిగి రేటు కనుక్కోండి. క్రియాటినిన్ తో కలిపి రిపోర్ట్ ఇమ్మని గట్టిగా చెప్పండి, లేకుంటే నీళ్ళు ఎక్కువ తాగిన రోజు తక్కువ చూపిస్తుంది. ల్యాబ్ ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బానే వాడండి, పనిలోంచి లేచి అట్లే పోయి నింపొద్దు, ముందు చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుని బట్టలు మార్చుకోండి, గోళ్ళల్లో ఉన్న దుమ్ము రవ్వంత పడినా రిపోర్ట్ తప్పు వస్తుంది.